బీపీని మెదడు ఎలా నడుపుతుంది? మాత్ర వద్దంటున్న నాన్నకి అర్థమయ్యేలా చెప్పాలి

కాళ్ళ_రొయ్యలచెరువు
శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. మాది కాళ్ళ మండలం, వనామీ రొయ్యల చెరువులు. నాన్నగారికి యాభై ఎనిమిదేళ్ళు. మొన్న షుగరు చూపించుకుందామని వెళ్తే బీపీ 172/104 వచ్చింది. ఇంటికి మిషన్ తెచ్చి చూస్తున్నాం, పొద్దున్నే 150 పైన ఉంటోంది, రాత్రి చెరువు దగ్గర నుంచి వచ్చాక ఇంకా ఎక్కువ. డాక్టరు గారు మాత్ర రాశారు. నాన్న మాత్రం నాకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, బాగానే ఉన్నాను, ఒకసారి మొదలెడితే ఇక జన్మంతా వదలదు అని మొండికేశారు.

డాక్టరు గారు వెళ్ళేటప్పుడు ఒక మాట అన్నారు, బీపీని గుండె ఒక్కటే కాదు మెదడు కూడా నడుపుతుంది, మీ నాన్నగారి మెదడు ఎక్కువ బీపీకి అలవాటు పడిపోయింది అని. బయట జనం ఉన్నారు, అంతకంటే అడగడం కుదరలేదు. మెదడు బీపీని నడపడం ఏమిటి, అలవాటు పడటం ఏమిటి? ఊరికే భయపెడితే మా నాన్న వినరు. లోపల పని ఎలా జరుగుతుందో చెబితే వింటారు, ఏరియేటర్ మోటారు తనే విప్పి బాగుచేసుకునే మనిషి.

రాజోలు_హెడ్మాస్టర్
శనివారం రాత్రి 9:58

బాబూ, బీపీ అంటేనే టెన్షన్. రొయ్యల చెరువు కంటే టెన్షన్ ఏముంది, రేటు పడిపోతే ఒక భయం, రోగం తగిలితే ఇంకో భయం. అది తగ్గితే సగం దిగుతుంది. అలాగని మాత్ర మానమని చెప్పను. నేను రిటైర్ కాకముందు నుంచీ వాడుతున్నాను, దానివల్ల నాకు జరిగిన చెడు ఏమీ లేదు. ఆ మాట మీ నాన్నగారికి నా తరఫున చెప్పు.

అమలాపురం_ఫిజియాలజీ
శనివారం రాత్రి 10:31

మేష్టారూ, టెన్షన్ అందులో ఒక భాగమేనండి. టెన్షన్ ఏమీ లేకుండా హాయిగా పడుకున్న మనిషిలో కూడా మెదడు బీపీని క్షణక్షణం సరిచేస్తూనే ఉంటుంది. నేను పిల్లలకి ఇదే పాఠం చెబుతాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

దవడ కింద గొంతుకి పక్కన వేలు పెడితే నాడి కొట్టుకుంటుంది కదా, అక్కడే కెరోటిడ్ ధమని రెండుగా చీలుతుంది. ఆ చీలిక గోడలో, అలాగే గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని వంపులో, గోడ ఎంత సాగిందో పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. వాటిని బారోరిసెప్టర్లు అంటారు. ఒత్తిడి పెరిగి గోడ సాగితే అవి వరసపెట్టి సంకేతాలు పంపుతాయి, తగ్గితే పంపడం తగ్గిస్తాయి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఇది జరుగుతుంది.

ఆ సంకేతాలు మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట ఉండే మెడుల్లాకి చేరతాయి. అక్కడి నుంచి జరిగేదంతా రసాయనాల ద్వారానే. ముందు గ్లూటమేట్ విడుదలవుతుంది, అది పక్క నరకణాలని లేపుతుంది. అలా లేచిన వాటిలో కొన్ని గాబా అనే రసాయనాన్ని వదులుతాయి. గాబా పని అణచడం. అది అణిచేది మెడుల్లాలోనే ముందు వైపున్న ఒక చిన్న గుంపుని. ఆ గుంపు చాలా ముఖ్యం, ఒళ్ళంతా ఉన్న చిన్న ధమనులని పగలూ రాత్రీ కొంత బిగువుగా పట్టి ఉంచేది అదే. బీపీ పెరిగితే గాబా ఎక్కువగా వస్తుంది, ఆ గుంపు నెమ్మదిస్తుంది, నాళాలు వదులవుతాయి, బీపీ దిగుతుంది. బీపీ పడిపోతే గాబా తగ్గి ఆ గుంపు విజృంభిస్తుంది.

ఆ గుంపు మాట వెన్నుపాము గుండా సింపథెటిక్ నరాలకి (మన ప్రమేయం లేకుండా గుండెనీ నాళాలనీ బిగించే నరాలు), వాటి చివర నుంచి నారడ్రినలిన్ రూపంలో అవయవాలకి వెళ్తుంది. దాన్ని అందుకునే చోట్లని రిసెప్టర్లు అంటారు. నారడ్రినలిన్ రక్తనాళంలోని ఆల్ఫా రిసెప్టర్‌ని తాకితే నాళం బిగుసుకుంటుంది. గుండెలోని బీటా రిసెప్టర్‌ని తాకితే వేగమూ బలమూ పెరుగుతాయి. కిడ్నీలో తాకితే బీపీ పెంచే దారిని మొదలెట్టే రెనిన్ అనే పదార్థం విడుదలవుతుంది. అంటే ఒకే రసాయనం మూడు చోట్ల మూడు పనులు చేస్తుంది, మూడూ బీపీని పెంచేవే.

దీనికి ఎదురు దారి వేగస్ నాడి. అది గుండె దగ్గర ఎసిటైల్‌కోలిన్ వదిలి వేగం తగ్గిస్తుంది. నరం గుండెతో మాట్లాడేది రసాయనంతోనే అని 1921లో ఒట్టో లోవీ కప్ప గుండెల మీద చూపించాడు. ఒక గుండెకి వేగస్‌ని ప్రేరేపించి, దాని చుట్టూ ఉన్న ద్రవం తీసి రెండో గుండె మీద పోస్తే, నరమే తగలని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. 1936లో ఆయనకీ హెన్రీ డేల్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. నాకు ఇప్పటికీ ఈ ప్రయోగం చెప్పేటప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

అలవాటు పడటం గురించి రేపు రాస్తాను.

కొబ్బరితోట_మామిడికుదురు
శనివారం రాత్రి 10:50

ఆయ్, మేడం గారూ, ఒక్క మాటండి. ఊడుపుల్లో ఆడవాళ్ళు వంగి వంగి నాటేసి ఒక్కసారి లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతాయంటారు, మా ఇంటావిడకి కూడా ఉంది. ఇది దానికి సంబంధించిందేనా?

అమలాపురం_ఫిజియాలజీ
శనివారం రాత్రి 11:04

సరిగ్గా అదేనండి. లేచి నిలబడగానే దాదాపు అర లీటరు రక్తం, కొందరిలో ఇంకా ఎక్కువ, కాళ్ళలోకీ పొట్ట కిందికీ దిగిపోతుంది. గుండెకి తిరిగి వచ్చేది తగ్గుతుంది, మెడ దగ్గర గోడ సాగడం తగ్గుతుంది, మెడుల్లా వెంటనే నారడ్రినలిన్ పెంచి కాళ్ళ నాళాలని బిగిస్తుంది, వేగస్ పట్టు వదులుతుంది కాబట్టి గుండె వేగం పెరుగుతుంది. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఆ సెకన్లలోనే కళ్ళు బైర్లు కమ్మేది. ఎండలో చెమట పట్టి ఒంట్లో నీళ్ళు తగ్గితే సర్దుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. వయసు పెరిగితే ఈ ప్రతిచర్య మందగిస్తుంది. నిలబడ్డ 3 నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతుంటే డాక్టరుకి చెప్పాల్సిందే, ముఖ్యంగా పెద్దవాళ్ళు రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోయేది ఇలాగే. ముందు మంచం మీద కూర్చుని, కాళ్ళు ఆడించి, తరవాత లేవాలి.

నీళ్ళు తాగించండి ఆవిడ చేత. తరచుగా ఉంటే రక్తం తక్కువేమో కూడా చూపించండి.

నరసాపురం_నర్సు
ఆదివారం ఉదయం 6:15

కాళ్ళ తమ్ముడూ, బీపీ చూసే పద్ధతి సరిగా ఉందా? చెరువు దగ్గర నుంచి బండి దిగి వచ్చిన వెంటనే చూస్తే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, కాళ్ళు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద, మాట్లాడకూడదు. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ వద్దు. మూత్రం ఆపుకుని కూర్చున్నా పెరుగుతుంది. రెండు సార్లు చూసి రాసిపెట్టండి. ఆస్పత్రిలో 140/90 గీత, ఇంట్లో అయితే 135/85. ఆస్పత్రికి రాగానే భయంతో పెరిగే వాళ్ళు నాకు రోజూ కనిపిస్తారు, అది కూడా మేడం గారు చెప్పిన నారడ్రినలినే. కానీ మీ నాన్నగారికి ఇంట్లో పొద్దున్నే 150 అంటున్నావు కాబట్టి అది ఆస్పత్రి భయం కాదు.

హౌస్‌సర్జన్_తణుకు
ఆదివారం ఉదయం 8:20

మేడం చెప్పింది కరెక్టే గానీ ఒక అభ్యంతరం. బారోరిసెప్టర్లు నిమిషాల లెక్క చూసేవి. ఏళ్ళ తరబడి ఉండే బీపీని తేల్చేది కిడ్నీ అని మాకు చెప్పారు. ఆర్థర్ గైటన్ వాదన అదే కదా, ఒత్తిడి పెరిగితే కిడ్నీ ఉప్పు, నీళ్ళు ఎక్కువగా బయటికి పంపి దాన్ని మళ్ళీ దించుతుంది, బీపీ ఎక్కువగానే నిలిచిపోయిందంటే కిడ్నీ ఆ పని చెయ్యాల్సిన స్థాయి పైకి జరిగిందన్నమాట. మరి మెదడుకి ఇంత పెద్ద పీట ఎందుకు వెయ్యాలి?

అమలాపురం_ఫిజియాలజీ
ఆదివారం ఉదయం 10:45

చాలా మంచి ప్రశ్న బాబూ. కిడ్నీ పాత్రని నేను కాదనను. కానీ కిడ్నీ ఒంటరిగా నిర్ణయం తీసుకోదు. దానికి సింపథెటిక్ నరాలు దట్టంగా వెళ్తాయి. ఆ నరాల చివర నారడ్రినలిన్ పెరిగితే రెనిన్ పెరుగుతుంది, ఉప్పు బయటికి పోకుండా ఆగుతుంది, కిడ్నీకి రక్తం తగ్గుతుంది. నువ్వు చెప్పిన ఆ స్థాయిని పైకి జరిపేవాళ్ళలో మెదడు కూడా ఉందన్నమాట.

మందులు సరిగా లేని 1930ల నుంచి 50ల వరకు, ప్రాణం మీదికి వచ్చిన బీపీకి వెన్నెముక పక్కనున్న సింపథెటిక్ నరాలనే కోసేసేవారు. చాలామందికి బీపీ తగ్గింది, కానీ నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవడం లాంటి బాధలు వచ్చాయి. కిడ్నీ ధమని లోపలికి సన్నని గొట్టం పంపి, దాని చుట్టూ ఉన్న నరాలని వేడితోనో అల్ట్రాసౌండ్‌తోనో దెబ్బతీసే పద్ధతికి 2023 నవంబరులో అమెరికాలో అనుమతి ఇచ్చారు. దానివల్ల తగ్గేది కొద్దిపాటే, మాత్రలు పూర్తిగా మానేంత కాదు. అయినా నరం తెగితే బీపీ దిగుతోందంటే ఆ నరం పైకి తోస్తోందనే కదా అర్థం.

ఇక కిడ్నీ నుంచి మెదడుకి వచ్చే మాట కూడా ఉంది. రెనిన్ వల్ల చివరికి తయారయ్యేది యాంజియోటెన్సిన్ 2. మెదడులోకి రక్తంలోని ప్రతిదీ దూరకుండా ఒక అడ్డుగోడ ఉంటుంది కానీ కొన్ని చిన్న చోట్ల ఆ గోడ ఉండదు. యాంజియోటెన్సిన్ అక్కడి నరకణాలని తాకుతుంది. దాహం వేస్తుంది, ఒంట్లో నీళ్ళు ఆపే వాసోప్రెసిన్ విడుదలవుతుంది, సింపథెటిక్ బిగువు పెరుగుతుంది. కాబట్టి కిడ్నీయా మెదడా అని ఒకదాన్ని ఎంచుకోనక్కర్లేదు, రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి.

ఇప్పుడు కాళ్ళ బాబు అడిగిన అలవాటు సంగతి. మన కాలవల మీద లాకుల దగ్గర నీటిమట్టం చూసే గేజి రాయి ఉంటుంది కదా. లస్కరు ఆ రాతి మీది గీత చూసి తలుపులు ఎత్తడం, దించడం చేస్తాడు. ఎవరైనా ఆ గీతనే అడుగు పైకి గీశారనుకోండి, అతను తన పని నిజాయితీగానే చేస్తాడు, కానీ నీళ్ళు అడుగు ఎక్కువే ఉంటాయి, తగ్గితే ఇంకా నింపుతాడు. బీపీ ఎక్కువగా ఉండిపోతే బారోరిసెప్టర్లలో జరిగేది ఇదే. కొన్ని రోజుల్లోనే అవి ఎక్కువ ఒత్తిడిని మామూలుగా లెక్కించడం మొదలుపెడతాయి. ధమని గోడ గట్టిపడితే అదే ఒత్తిడికి తక్కువగా సాగుతుంది, దాంతో మెదడుకి చేరే సంకేతం ఇంకా తగ్గుతుంది. అప్పుడు మెదడు 160ని కాపాడటం మొదలుపెడుతుంది. అందుకే మీ నాన్నగారికి ఏమీ అనిపించదు. ఏమీ అనిపించకపోవడం ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు, మెదడు ఆ అంకెకి ఒప్పుకున్నట్టు.

మాత్ర మొదలెట్టిన కొత్తలో నీరసంగా, తల తేలిపోయినట్టు ఉండేది కూడా ఇందుకే, తనకి అలవాటైన అంకె నుంచి దించుతుంటే మెదడు ఒప్పుకోదు. చాలామంది ఆ నాలుగు రోజుల్లోనే మాత్ర పడలేదని మానేస్తారు. మందు నెమ్మదిగా పెంచుతూ, కొన్ని వారాలు తగ్గించి ఉంచితే ఆ స్థాయి మళ్ళీ కిందికి వస్తుంది.

కాళ్ళ_రొయ్యలచెరువు
ఆదివారం మధ్యాహ్నం 1:10

మేడం గారూ, ఇది నాన్నకి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు గానీ రెండోసారి చదవమన్నారు. ఇంకో సంగతి అడగమన్నారు. ఆయనకి రాత్రి నిద్ర లేదండి, తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని రెండింటికీ మూడింటికీ లేచి చూస్తారు, కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి. పడుకున్న కాసేపూ గట్టిగా గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడతారు. దీనికీ బీపీకీ సంబంధం ఉందా?

హౌస్‌సర్జన్_తణుకు
ఆదివారం మధ్యాహ్నం 2:02

ఉందన్నా, చాలా గట్టి సంబంధం. నిద్రపోతే సింపథెటిక్ నరాల పని తగ్గి బీపీ పగటి కంటే 10 నుంచి 20 శాతం దిగాలి. నిద్ర తెగిపోతూ ఉంటే ఆ దిగడం సరిగా జరగదు, రాత్రి బీపీ దిగని వాళ్ళకి పక్షవాతం, గుండె జబ్బు ముప్పు ఎక్కువ.

గురకలో ఊపిరి ఆగడం ఇంకా ముఖ్యమైన సంగతి. అదే కెరోటిడ్ చీలిక దగ్గర రక్తంలో ఆక్సిజన్ చూసే చిన్న ముద్ద ఒకటి ఉంటుంది, కెరోటిడ్ బాడీ అంటారు. ఆ ముద్దా, పక్కనున్న బారోరిసెప్టర్లూ ఊపిరిని ఎలా నడుపుతాయో కనిపెట్టినందుకే బెల్జియం ఆయన కార్నే హేమన్స్‌కి 1938 నోబెల్ ఇచ్చారు. ఆక్సిజన్ పడిపోగానే ఆ ముద్ద మెడుల్లాకి కబురు పంపుతుంది, నారడ్రినలిన్ ఒక్కసారిగా ఎగుస్తుంది, మనిషి ఉలిక్కిపడి ఊపిరి తీస్తాడు. రాత్రంతా ఇలా జరుగుతుంటే పగలు కూడా ఆ బిగువు దిగదు. రెండు మూడు రకాల మాత్రలు వేసినా బీపీ లొంగని వాళ్ళలో ఇది చాలామందికి ఉంటుంది. స్లీప్ టెస్ట్ గురించి డాక్టరు గారిని అడుగు. ఊపిరి ఆగేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి చూపించు, ఆయనకి వెంటనే అర్థమవుతుంది. పొట్ట తగ్గితే, వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకుంటే కొంత మేలు. రాత్రి మద్యం తాగే అలవాటుంటే గురక ఎక్కువవుతుంది, అది ఆపాలి.

భీమవరం_ఏటీపీ
ఆదివారం సాయంత్రం 4:30

కెరోటిడ్ బాడీ మాట వచ్చింది కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. ఆ ముద్ద నరానికి కబురందించే రసాయనాల్లో ఒకటి ఏటీపీ. సింపథెటిక్ నరాల చివర నారడ్రినలిన్‌తో పాటు కలిసి విడుదలై నాళాన్ని బిగించే వాటిలో కూడా ఏటీపీ ఉంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో గుర్తించినవాడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా గుర్తించాడు. అప్పట్లో అందరూ దాన్ని శక్తికి సంబంధించిన పదార్థంగానే చూశారు. అది నరాల మధ్య కబురు కూడా మోస్తుందని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ అంటే చాలామంది ఒప్పుకోలేదు, ఇప్పుడు అది పాఠాల్లో ఉంది. మన ఊళ్ళో బీపీ చూపించుకునే ప్రతి మనిషి ఒంట్లో సుబ్బారావు గారు పట్టుకున్న పదార్థం పనిచేస్తోంది, మన పిల్లలకి ఇది తెలియాలి.

రాజోలు_హెడ్మాస్టర్
ఆదివారం సాయంత్రం 5:05

చాలా సంతోషం నాయనా, నాకు ఈ ఏటీపీ సంగతి ఇప్పటిదాకా తెలియదు.

ఒక సందేహం. సర్పగంధ వేరు బీపీకి దివ్యంగా పనిచేస్తుందని, మాత్రల కంటే అదే మేలని మా బంధువొకాయన పొడి ఇస్తానంటున్నారు. చెట్టు మందు కదా, వాడొచ్చా?

పాలకొల్లు_మందులషాపు
ఆదివారం రాత్రి 8:12

మేష్టారూ, దయచేసి ఆ పొడి తీసుకోకండి. సర్పగంధ పనిచెయ్యదని కాదు, బలంగా పనిచేస్తుంది కాబట్టే వద్దంటున్నాను.

ఆ వేరుకి బీపీ తగ్గించే గుణం ఉందని మన దేశంలో 1931లోనే సేన్, బోస్ అనే వైద్యులు రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ తన రోగుల మీద చూసిన ఫలితాలు బ్రిటన్ పత్రికలో వేశాక ప్రపంచం అంతా ఇటు చూసింది. 1952లో దానిలోంచి రెసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. నరాల చివర నారడ్రినలిన్ చిన్న సంచుల్లో నిల్వ ఉంటుంది. రెసర్పిన్ ఆ సంచుల్లోకి రసాయనం ఎక్కకుండా అడ్డుకుంటుంది, నిల్వ ఖాళీ అవుతుంది, బీపీ దిగుతుంది. కానీ అది మెదడులోకి కూడా వెళ్తుంది, అక్కడ డోపమైన్, సెరటోనిన్ సంచులు కూడా ఖాళీ అవుతాయి. ఎక్కువ మోతాదులో వాడిన కొందరికి తీవ్రమైన దిగులు పట్టుకుంది, మగత, ఒళ్ళు కదలకపోవడం వచ్చాయి. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ రెసర్పిన్ ఇచ్చి కదలకుండా పోయిన కుందేళ్ళకి ఎల్‌డోపా ఇస్తే అవి మళ్ళీ లేచాయి. ఇప్పటికీ పార్కిన్సన్ జబ్బుకి వాడే మందు అదే. అంటే మన చెట్టు వేరు మెదడు రసాయనాల గురించి ఎంతో నేర్పింది, ఆ గౌరవం దానికి ఇవ్వాల్సిందే. కానీ పొడిలో మోతాదు ఎంతుందో తెలియదు, మీరు ఇప్పటికే వేసుకుంటున్న మాత్రతో కలిస్తే ఎంత దిగుతుందో తెలియదు.

ఇంకో రెండు మాటలు, షాపులో కూర్చుని రోజూ చెప్పేవే. జలుబు మాత్రల్లో చాలావాటిలో ఫినైలెఫ్రిన్ ఉంటుంది, అది ఆల్ఫా రిసెప్టర్‌ని తాకి ముక్కులో నాళాలు బిగిస్తుంది, మిగతా ఒంట్లో నాళాలని కూడా బిగించగలదు. బీపీ ఉన్నవాళ్ళు జలుబు మాత్ర అడిగేటప్పుడు ఆ మాట షాపువాడికి చెప్పి తీరాలి. ముక్కులో వేసే చుక్కలు కూడా వారాల తరబడి వెయ్యకూడదు. నడుము నొప్పికి వేసే డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ ఉప్పు ఆపేలా చేసి బీపీ పెంచుతాయి.

రెండోది, క్లోనిడిన్. 1960ల మొదట్లో జర్మనీలో దీన్ని ముక్కు దిబ్బడకి తయారు చేశారు. చుక్కలు వేసుకున్న ఒకావిడ చాలాసేపు మొద్దునిద్ర పోయింది, బీపీ బాగా పడిపోయింది. తరవాత తేలిందేమిటంటే అది మెడుల్లాలో ఆల్ఫా 2 అనే వేరే రకం రిసెప్టర్లని తాకి సింపథెటిక్ బిగువునే తగ్గిస్తోంది. ఇప్పుడు మొండి బీపీకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ఇస్తారు. దీన్ని ఒక్కసారిగా మానేస్తే అణిగి ఉన్న నారడ్రినలిన్ ఎగదన్ని బీపీ ప్రమాదకరంగా పెరుగుతుంది. మెటోప్రోలాల్, ఎటెనోలాల్ లాంటి బీటా బ్లాకర్లు కూడా హఠాత్తుగా ఆపకూడదు, మందు ఉన్నన్నాళ్ళూ గుండె బీటా రిసెప్టర్లని పెంచుకుని ఉంటుంది, ఆపగానే నారడ్రినలిన్ వాటన్నిటినీ తాకుతుంది. పెళ్ళికనో తీర్థయాత్రకనో వెళ్తూ మాత్రలు ఇంట్లో మర్చిపోయి వారం గడిపేసేవాళ్ళు నాకు బాధ కలిగిస్తారు.

కొబ్బరితోట_మామిడికుదురు
ఆదివారం రాత్రి 8:55

ఉప్పు సంగతి చెప్పండి ఎవరైనా. ఆవకాయ లేకపోతే ముద్ద దిగదు మాకు, ఎండు చేప కూడా. అన్నం మానేస్తే బీపీ తగ్గుతుందని ఒకాయన అంటున్నాడు.

నరసాపురం_నర్సు
ఆదివారం రాత్రి 9:20

అన్నం కాదు అన్నా దోషి, అన్నంలో కలుపుకునేది. 1940ల్లో అమెరికాలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టరు తీవ్రమైన బీపీ ఉన్నవాళ్ళకి అన్నం, పళ్ళు పెట్టి, ఉప్పు దాదాపు లేకుండా చేసి చాలామందికి బీపీ దించాడు. ఆ తిండి మనిషి ఎక్కువ కాలం తినలేడు గానీ అన్నం మీద నింద మాత్రం పోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే టీ చెంచాడు, అది కూరలో, పచ్చట్లో, పెరుగులో, అన్నీ కలిపి. మా వైపు ఉప్పుచేప, ఆవకాయ, మజ్జిగలో ఉప్పు కలిసేసరికి అది పొద్దున్న పూటకే దాటిపోతుంది. పూర్తిగా మానమని చెబితే ఎవరూ వినరు, నేనైతే ఊరగాయ వారానికి ఒకటి రెండు సార్లు, ఉప్పుచేపని నానబెట్టి నీళ్ళు పారబోసి వండమని చెబుతాను.

అమలాపురం_ఫిజియాలజీ
ఆదివారం రాత్రి 9:48

ఉప్పులో మెదడు భాగం కూడా ఉంది. రక్తంలో సోడియం కొంచెం పెరిగినా, నేను పైన చెప్పిన అడ్డుగోడ లేని చోట్ల నరకణాలు పసిగడతాయి. దాహం, వాసోప్రెసిన్ అందరికీ తెలిసినవే. ఉప్పు పడని ఒంటి తత్వం ఉన్నవాళ్ళలో దీనికి తోడు సింపథెటిక్ బిగువు కూడా పెరుగుతుంది.

కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది, అది సోడియం బయటికి పోవడానికి సాయపడుతుంది, మన కోనసీమలో దొరకని వస్తువు కాదు. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్ళు డాక్టరుని అడగకుండా రోజూ బొండాలు బొండాలు తాగకూడదు, పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మే వాటికి కూడా ఇదే వర్తిస్తుంది.

రాజోలు_హెడ్మాస్టర్
ఆదివారం రాత్రి 10:10

పొడి వద్దని చెప్పేశాను. మరి ప్రాణాయామం? దానికైనా మెదడుతో సంబంధం ఉందా?

అమలాపురం_ఫిజియాలజీ
ఆదివారం రాత్రి 10:26

ఉందండి మేష్టారూ. నిమిషానికి ఆరు ఊపిరుల చొప్పున నెమ్మదిగా తీసి వదిలితే బారోరిసెప్టర్ల ప్రతిచర్య చురుకవుతుంది, వేగస్ పని పెరుగుతుంది. రోజూ చేస్తే బీపీ కొద్దిగా తగ్గుతుంది. మాత్రకి తోడుగా చెయ్యండి, మాత్ర బదులు కాదు. ఊపిరి బిగబట్టడం, గట్టిగా కొట్టినట్టు వదలడం బీపీ ఎక్కువున్న వాళ్ళకి వద్దు.

కాళ్ళ_రొయ్యలచెరువు
సోమవారం ఉదయం 7:30

మా చెరువు దగ్గర పనిచేసే తమ్ముడు అడగమన్నాడు. వాళ్ళ ఊళ్ళో వరికి మందు కొట్టి వచ్చిన ఒకతను చెమటలు పట్టి, చొంగ కారి పడిపోతే నాడి చాలా నెమ్మదిగా ఉందన్నారట. అది కూడా ఈ రసాయనాల పనేనా?

హౌస్‌సర్జన్_తణుకు
సోమవారం ఉదయం 8:05

అవును, అది ఎసిటైల్‌కోలిన్. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు ఎసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని పట్టేస్తాయి. దాంతో వేగస్ వదిలిన రసాయనం గుండె దగ్గర పేరుకుపోతుంది, నాడి నెమ్మదిస్తుంది, కంటిపాప చిన్నదవుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. బీపీ పడిపోవచ్చు, కొందరికి మొదట్లో పెరగనూ వచ్చు, ఎందుకంటే సింపథెటిక్ నరాల మధ్య మజిలీలో కబురు మోసేది కూడా ఎసిటైల్‌కోలినే. ఆస్పత్రిలో అట్రోపిన్ ఇచ్చి దాన్ని అడ్డుకుంటారు. బట్టలు విప్పేసి, సబ్బు నీళ్ళతో ఒళ్ళు కడిగి, మందు డబ్బాతో సహా వెంటనే తీసుకెళ్ళాలి. ఉప్పు నీళ్ళు తాగించి వాంతి చేయించకూడదు.

ఎర్ర తేలు కుడితే దీనికి వేరేలా జరుగుతుంది, నారడ్రినలిన్ ఉప్పెనగా వస్తుంది, బీపీ ఎగుస్తుంది, ఒళ్ళు చల్లబడుతుంది. దానికి ప్రజోసిన్ అనే ఆల్ఫా బ్లాకర్ పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ చూపించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. పిల్లల్ని తేలు కుడితే మంత్రాలకి తిప్పుతూ ఆలస్యం చెయ్యకండి.

కొబ్బరితోట_మామిడికుదురు
సోమవారం ఉదయం 9:15

మా కోడలికి ఇప్పుడు ఏడో నెల. బీపీ ఉందని మిథైల్‌డోపా అని రాశారు, అది మెదడు మీద పనిచేసే మందని ఎవరో అన్నారు, బిడ్డకేమైనా అవుతుందేమోనని మా ఇంటావిడ భయపడుతోంది. మానిపించనా?

నరసాపురం_నర్సు
సోమవారం ఉదయం 9:32

అన్నా, మానిపించొద్దు. గర్భిణులకి ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న మందు అది, బిడ్డకి సురక్షితమని బాగా చూసిన మందుల్లో ఒకటి. ఒంట్లోకి వెళ్ళాక అది నారడ్రినలిన్‌ని పోలిన పదార్థంగా మారి, పాలకొల్లు అన్నయ్య చెప్పిన క్లోనిడిన్ తాకే ఆల్ఫా 2 రిసెప్టర్లనే తాకుతుంది. మెదడు మీద పనిచెయ్యడం అంటే మతి పోగొట్టడం కాదు, నాళాల బిగువు తగ్గించడం. కొంచెం మగతగా ఉండొచ్చు, నీరసంగా ఉందని మానెయ్యకుండా డాక్టరు గారికి చెప్పాలి. బీపీకి మామూలుగా వాడే కొన్ని మాత్రలు, ప్రిల్ అనీ సార్టాన్ అనీ పేరు ముగిసేవి, కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకి హాని చేస్తాయి, అందుకే ఆమెకి వేరేది రాశారు. ఇంట్లో ఇంకొకరి బీపీ మాత్ర ఆమెకి పొరపాటున కూడా ఇవ్వొద్దు.

తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మసక లేదా మెరుపులు, పొట్ట పైభాగాన కుడివైపు నొప్పి, ముఖం చేతులు ఒక్కసారిగా వాయడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేసి రాత్రికి రాత్రే తీసుకెళ్ళండి. ఈ వారం మూత్రంలో ప్రొటీన్ పరీక్ష అయిందో లేదో చూసి నాకు ఇక్కడ రాయండి, కాకపోతే ఎక్కడ చేయించాలో చెబుతాను.